గరిటెతో తిన్నవాడు

మా అమ్ముకీ ఆ అబ్బాయికీ మొదటి తగాదా భోజనాల బంతిలో వచ్చింది. అది కూడా ఒక చెంచా గురించి.

భిలాయ్ క్యాంప్ వన్‌లో మన తెలుగువాళ్ళం ఏటా వినాయక చవితికి పందిరి వేస్తాం. ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తట్టాబుట్టా పట్టుకుని వచ్చినవాళ్ళం కదా, ఊరైతే వదిలాం గానీ బంతి భోజనం వదల్లేదు. నిమజ్జనానికి ముందురోజు అందరూ నేలమీద వరసగా కూర్చోవాలి, విస్తరాకులో తినాలి. పెద్ద ఇంజనీరు వచ్చినా అంతే, కొలిమి దగ్గర చెమటోడ్చేవాడు వచ్చినా అంతే.

ఆ ఏడు, తొంభై ఆరో తొంభై ఏడో, మా అమ్ము గుమ్మడికాయ పులుసు వడ్డిస్తోంది. అమ్ము అంటే నా కొడుకు నూకరాజు కూతురు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన పిల్ల. బజారులో హిందీ, నాతో తెలుగు, కోపం వస్తే రెండూ. దుపట్టా నడుముకి బిగించి, బకెట్ పట్టుకుని బంతి చివరికి వచ్చింది. అక్కడ తెల్ల చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి ఆకు ముందు బుద్ధిగా కూర్చున్నాడు. అన్నం ముట్టుకోలేదు.

"ఏవండీ, ఒక చెంచా దొరుకుతాదా?" అన్నాడు.

అమ్ము గరిటె గాల్లో ఆగిపోయింది. "దేనికండీ?"

"తినడానికి."

"ఆకులోనా?"

"ఆకులోనేనండి."

"దేవుడు చేతికి అయిదు చెంచాలు అతికించి పంపినాడు కదండీ. చాలవేటి?"

బంతి బంతంతా నవ్వింది. అబ్బాయి కూడా నవ్వాడు. "చాలితే అడగను కదండీ."

ఆ నవ్వే మా పిల్లకి మంట పుట్టించింది. ఎగతాళి చేస్తే ఎదుటివాడు ఉడుక్కోవాలి గానీ, కూడా కలిసి నవ్వితే ఎలా?

"మాకాడ చెంచాలు చంటిపిల్లలకేనండి. ఉగ్గు తింతారేటి?"

"ఉగ్గైనా పర్లేదండి. ఆకలేస్తంది."

అమ్ము అటూ ఇటూ చూసి, పులుసు గరిటె అతని చేతికి ఇచ్చేసింది. బారెడు కాడ ఉన్న గరిటె అది. "ఇదే ఉందండి మరి."

సిగ్గుపడి లేచిపోతాడనుకున్నాం. అతను గరిటె అందుకుని, తిప్పి చూసి, కాడ మధ్యలో పట్టుకుని, నిమ్మళంగా అన్నం తినడం మొదలుపెట్టాడు. అదీ ఎడమ చేత్తో. పులిహోర, పప్పు, పులుసు, అన్నీ. మారు వడ్డన కూడా అడిగాడు.

నా పక్కనున్నావిడ బుగ్గలు నొక్కుకుంది. "ఎవరి గుంటడే, ఈ దొరబాబు?"

పక్క ఊరు దుర్గ్‌లో రైల్వే కాలనీ అప్పయమ్మ కొడుకట. పేరు ఉదయ్‌కుమార్. ఆ సాయంత్రానికి క్యాంపులో ఆ పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ అతను గరిటెబాబు.

సోమవారం పొద్దున్న గరిటెబాబు అమ్ము ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు.

భిలాయ్‌లోనే సుపేలా బజారులో ఒక బట్టల కొట్టు మీద గురునాథరావు గారి కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఒకసారి నేనూ చూశాను. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళాలి. లోపల ఏసీ. మనిషి చెమటోడుస్తున్నా పర్వాలేదు గానీ ఆ పెట్టెలకి మాత్రం చెమట పట్టకూడదట. ఓటర్ల పేర్లు కాగితాల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం అక్కడి పని. సాహూలు, వర్మలు, దేవాంగన్లు, పొద్దున్నించి సాయంత్రం దాకా తరగని పేర్లు. మా అమ్ము వేళ్ళు ఆ మీటల మీద పడుతుంటే రేకుల కప్పు మీద వడగళ్ళ వాన కురిసినట్టు ఉండేది.

"ఈయన ఇకనించి సూపర్‌వైజర్," అన్నారు గురునాథరావు గారు. "తప్పులు చూస్తారు."

అమ్ము దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. "భోజనానికి గరిటె తెచ్చుకున్నారా సార్?"

"మీ దగ్గర ఉంటాదని తేలేదు," అన్నాడు ఉదయ్.

అతను మూల బల్ల దగ్గర కూర్చుని, అచ్చయిన కాగితాల మీద ఎడమ చేత్తో పెన్సిల్ గీతలు గీసేవాడు. కంప్యూటర్ మాత్రం ముట్టుకునేవాడు కాదు. పైగా సలహాలు.

"అమ్ము గారూ, మణికట్టు బల్ల అంచుకి నొక్కి పెట్టకండి."

"నా మణికట్టు, నా ఇష్టం."

"మధ్యమధ్యలో లేచి చేతులు విదిలించండి. కిటికీలోంచి రోడ్డు చూడండి."

"నాను లేస్తే నా పేర్లు మీరు కొడతారా?"

అతను పెన్సిల్ వంక చూసుకున్నాడు. "లేదండి."

"రాదని చెప్పండి, పోనీ."

అతను ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు. అమ్ము ఇంటికొచ్చి ఇదంతా నాకు పూస గుచ్చినట్టు చెప్పింది. "కంప్యూటర్ ముట్టని కంప్యూటర్ సార్, నానమ్మా. ఎడమ చెయ్యివాటం, గరిటె భోజనం. అజీబ్ మనిషి." ఆ వింత మనిషి గురించి అన్నం తిన్నంతసేపూ చెప్పింది. నేను ఊకొట్టాను. పిల్లలు ఎవరి గురించి ఎక్కువ తిడుతున్నారో కనిపెట్టి ఉండడం ముసలివాళ్ళ పని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దుర్గ్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం ఒకటి పడింది. పర్మనెంట్. మా స్టీల్ టౌన్‌లో దేవుడి పేరు తర్వాత అంత భక్తితో పలికే మాట అదే. ప్లాంటులో కొత్తగా మనుషుల్ని తీసుకోవడం తగ్గిపోయింది, మా ఇంట్లో ఆ మాట ప్లాంటులో చేసే నూకరాజుతోనే ఆగిపోయేలా ఉంది. "నాను తెస్తాను నాన్నా," అంది అమ్ము. దసరా వెళ్ళాక స్పీడు పరీక్ష. అందుకని సెంటర్‌లో పని అయిపోయాక కూడా కూర్చుని ప్రాక్టీసు చేసేది.

అదే పరీక్షకి ఉదయ్‌కి కూడా పిలుపు వచ్చిందని గురునాథరావు గారు ఒకరోజు మాటల్లో అనేశారు.

"అదీ సంగతి," అంది అమ్ము నాతో. "లేవండి, ఆగండి, రోడ్డు చూడండి. నాను రోడ్డు చూస్తుంటే ఆయన దర్జాగా సీటు కొట్టేస్తాడు."

ఈలోపు ఇంట్లో గ్లాసులు పడడం మొదలైంది.

ముందు ఒక స్టీలు గ్లాసు. తర్వాత పప్పు గిన్నె. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గు చూశాను. అమ్ము ముగ్గు గీత తీగ లాగినట్టు ఉండేది, అలాంటిది మెలిక తిరిగే చోటల్లా తెగిపోయి ఉంది. జడ అల్లుకోలేక నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"చెయ్యికేటయినాది గుంటా?"

"ఏటీ లేదు. తిమ్మిరి."

"రోజూ తిమ్మిరేటి?"

"రాత్రి పడుకుంటే చీమలు పాకినట్టు ఉంటాది నానమ్మా. బొటనవేలు నాది కాదనిపిస్తాది. దసరా దాకానే కదా, బస్, అంతే. పరీక్ష అయిపోతే అదే తగ్గుతాది. నాన్నతో అనకు, నా మీదొట్టు."

ఒట్టు వేశాక ఏం చేస్తాం? ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టాను. ఆముదం రాశాను. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి ఉన్నట్టే కదా అని ఇంకో గుప్పెడు వేశాను. ఈసారి వీధంతా దగ్గింది. చెయ్యి మాత్రం అలాగే ఉంది.

తర్వాత వారం అమ్ము సెంటర్‌కి వెళ్ళేసరికి తన బల్ల పొట్టిదైపోయింది.

నిజంగానే. నాలుగు కాళ్ళూ కోసేసి ఉన్నాయి. కింద రంపపు పొట్టు ఇంకా ఊడవలేదు. కూర్చుంటే కీబోర్డు ఒళ్ళోకి వచ్చినట్టుంది. అలవాటు తప్పి వేళ్ళన్నీ పక్క మీటల మీద పడ్డాయి. సాహూలు కాస్తా వేరే ఎవరో అయిపోయారు.

"నా బల్ల కాళ్ళు నరికిందెవరు?"

"నేనేనండి," అన్నాడు ఉదయ్. "గురునాథరావు గారిని అడిగే చేయించాను. ఆ బల్ల మీకు ఎత్తు ఎక్కువ. భుజాలు పైకెత్తి కొడతన్నారు."

"పరీక్ష ముందా? ఇప్పుడే గుర్తొచ్చినాయా నా భుజాలు?"

"ముందే చేయించాల్సింది."

"నా స్పీడు పడిపోతే ఆ సీటు ఎవరికి పోతాదో నాకు తెలీదనుకున్నారా? మీకూ పిలుపు వచ్చినాది కదా. గెలవాలంటే చేత్తో గెలవండి. రంపంతో కాదు."

గదిలో మీటల చప్పుడు ఆగిపోయింది. ఉదయ్ ముఖం చిన్నబోయింది. కాగితాలు ముందేసుకున్నాడు.

సాయంత్రం కుండపోత వాన. సుపేలా రోడ్డు మీద ఆటోలు పడవల్లా తేలుతున్నాయి. కరెంటు పోయింది. అందరూ కిందకి దిగి టీ కొట్టు రేకు కింద నిలబడ్డారు. వాన కాస్త తెరిపివ్వగానే ఒక్కొక్కరే జారుకున్నారు. బెంచీకి ఈ చివర అమ్ము, ఆ చివర ఉదయ్ మిగిలారు. మధ్యలో ఇద్దరు కూర్చునేంత కోపం.

కొట్టతను అమ్ము చేతికి టీ గ్లాసు ఇచ్చాడు. గ్లాసు ఆగలేదు. వేళ్ళ మధ్య నుంచి జారి, బెంచీకి తగిలి, ముక్కలైపోయింది.

"కోయీ బాత్ నహీ దీదీ," అంటూ, పోనీలెమ్మన్నట్టు కొట్టతను గుడ్డ తెచ్చాడు.

అమ్ము చేతిని దుపట్టాలో దాచుకుంది. ఉదయ్ జరిగి దగ్గరికి వచ్చాడు. నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నించి?"

"ఏటి ఎన్నాళ్ళ నించి? తడి గ్లాసు, జారినాది."

"రాత్రి చీమలు పాకినట్టు ఉంటాదా? పొద్దున్న లేచేసరికి బొటనవేలు కొయ్యముక్కలాగ?"

అమ్ము అతని ముఖం వంక చూసింది. ఆ చీమల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు.

ఉదయ్ తన కుడి చెయ్యి తెచ్చి బెంచీ మీద వెల్లకిలా పెట్టాడు. బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట పల్లంగా ఉంది.

"నాగపూర్‌లో ఒక సెంటర్‌లో చేసేవాణ్ణి. అక్కడ నాకంటే స్పీడు ఎవరికీ లేదు. నాకూ గ్లాసులు పడ్డాయి. నేనూ తిమ్మిరే అనుకున్నాను. ఎవరికీ చెప్పకండా నొప్పి మాత్రలు మింగి కొట్టాను. ఒకరోజు చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి లేటయిపోయింది."

"మరి పరీక్ష పిలుపు?"

"ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తు. ఈ చేత్తో ఏం రాస్తాను?"

"అయితే ఆ చెంచా..."

"అన్నం కలిపితే బొటనవేలు భగ్గుమంటాది. ఎడమ చేత్తో ముద్ద కలిపితే బంతిలో మీరందరూ ఊరుకుంటారా? చెంచా అయితే కొంచెం నయం అనుకున్నాను."

"నాను గరిటె ఇచ్చాను."

"మంచి గరిటె. పులుసు బాగా పట్టింది."

అమ్ము నవ్వబోయింది. నవ్వుకి బదులు కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. ఏడుస్తోందో వాన జల్లు పడిందో తెలియకుండా ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. కొట్టతను ఇంకో టీ తెచ్చాడు. ఈసారి ఉదయ్ ఎడమ చేత్తో ఆ గ్లాసు పట్టుకున్నాడు, చల్లారేదాకా.

"ఈ ఒక్క పరీక్షా రాసేసి ఆపేస్తే?" అంది.

"నేనూ అలాగే అనుకున్నానండి. ఈ ఒక్క నెల, ఈ ఒక్క పని. మీ చెయ్యి ఇంకా నా చెయ్యంత కాలేదు. ఇప్పుడు ఆపితే తిరిగొస్తాది. ఆపమని చెప్పడానికి నేనెవరిని? బల్ల కాళ్ళు కోయించడం వరకే నా చేతిలో ఉంది."

ఆ రాత్రి నాకు వేసిన ఒట్టు అమ్ము తనే తీసి గట్టున పెట్టి, నూకరాజుకి అన్నీ చెప్పేసింది. నూకరాజు నోరు తెరుచుకుని విన్నాడు.

"మేం ఇనుం మోసినాం. ఎర్రగా కాలే పట్టాల పక్కన నిలబడినాం. మీరు ఏసీలో కూకొని మీటలు నొక్కితే చేతులు పడిపోతాయేటి? ఎవులైనా ఇంటే నవ్వుతారు."

అప్పుడు నేను అందుకున్నాను. "నవ్వితే నవ్వనీరా. మీ నాన్నకి ప్లాంటులో నడుం పోనాది. నీకు రోలింగ్ మిల్లులో చెవులు పోనాయి, నాను పక్కనుండి పిలిస్తే పలకవు. దీనికి చెయ్యి పోతంది. ఎవుల కొలిమి ఆళ్ళది."

నూకరాజు విన్నాడో లేదో గానీ, తెల్లారగానే స్కూటర్ తీసి కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చేతిని అటూ ఇటూ వంచి చూసి, నరం నలిగిపోతోందని చెప్పి, మణికట్టుకి పట్టీ వేసింది. కీబోర్డు ముట్టుకోవద్దంది. దసరా తర్వాత పరీక్ష ఉందంటే, "చెయ్యి కావాలా, పరీక్ష కావాలా?" అంది.

దసరా వెళ్ళింది. పరీక్ష రోజు పొద్దున్నే అమ్ము లేచి, తలస్నానం చేసి, పట్టీ మీదుగా దుపట్టా కప్పుకుని బయల్దేరింది. నూకరాజు వాకిట్లో నిలబడ్డాడు.

"ఎల్తన్నావా?"

"ఎల్లి చూస్తాను నాన్నా."

తర్వాత జరిగింది నాకు అమ్ము చెప్పిందే. దుర్గ్‌లో ఆ ఆఫీసు గేటు ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారట. గోడ పక్కన, సైకిల్ స్టాండ్ దగ్గర, తెల్ల చొక్కా.

"ఆపడానికి వచ్చారా?" అంది అమ్ము.

"లేదండి."

"మరి?"

"మీరు లోపలికెళితే మీ పర్సు పట్టుకోడానికి. ఎళ్ళకపోతే టీ తాగడానికి."

గంట కొట్టారు. పిల్లలందరూ లోపలికి కదిలారు. అమ్ము కదలలేదు. పట్టీలో ఉన్న వేళ్ళు ఒకసారి ముడిచి చూసుకుందట. అంతా ముడవబోతే బొటనవేలు సగంలోనే ఆగిపోయింది. నాన్నకి మాట ఇచ్చాను కదా అనుకుంది. ఈ చెయ్యి కూడా నాన్న ఇచ్చిందే కదా అని కూడా అనుకుంది. గేటు మూసే మనిషి, "మేడమ్, ఆనా హై కి నహీ?" అని, వస్తారో రారో తేల్చమన్నాడు.

"నహీ భయ్యా," అంది.

గేటు మూసేశారు. పర్మనెంట్ లోపలే ఉండిపోయింది.

కొంచెంసేపు ఇద్దరూ ఆ మూసిన గేటు వంకే చూశారు. తర్వాత అమ్ము అంది, "నాకు టీ వొద్దు. ఆకలేస్తంది. సమోసా తినిపించండి."

"మీ చేతికి పట్టీ ఉంది. ఎలా తింటారు?"

"చెంచా అడుగుతాను."

సమోసా చెంచాతో తిన్నారట ఇద్దరూ, ఒకే ప్లేటులో. కొట్టువాడు వింతగా చూశాడట. ప్రేమ అనే మాట ఇద్దరిలో ఎవరూ అనలేదని అమ్ము ఇప్పటికీ దబాయిస్తుంది. ఒకే ప్లేటులో రెండు చెంచాలంటే ఇంకేమిటో మరి.

ఆ మాటెలా ఉన్నా, గురునాథరావు గారు అమ్ముని వదల్లేదు. కొత్తగా చేరే పిల్లలకి నేర్పమన్నారు. అమ్ము నేర్పడం, ఉదయ్ తప్పులు దిద్దడం. అక్కడి బల్లలన్నిటికీ కాళ్ళు కోయించారు. మధ్యమధ్యలో అమ్ము చప్పట్లు కొడితే పిల్లలందరూ లేచి, చేతులు విదిలించి, కిటికీ దగ్గర నిలబడి సుపేలా రోడ్డు చూడాలి. కింద బట్టల కొట్టు సేఠ్, పైన డాన్సు స్కూలు పెట్టారా అని అడిగాడట.

ఉగాది వెళ్ళాక అప్పయమ్మ బొట్టుపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మా వోడు ఇంటికొస్తే మీ పిల్ల మాటే, పిన్నీ," అంది నాతో. "ఇనలేక సచ్చిపోతన్నాను. మీకిష్టమైతే ఇచ్చేయండి, ఎదురుగానే మాట్లాడుకుంటారు."

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయి మంచోడే. కానీ ఒక మాట అప్పయమ్మా. ఆడికి కుడి చెయ్యి లేదు, దీనికి కుడి చెయ్యి అంతంతమాత్రం. ఇద్దరూ కలిసి సంసారం ఎలా లాగుతారు?"

తలుపు వెనక నుంచి అమ్ము గొంతు వచ్చింది. "రెండు ఎడమ చేతులు బాగున్నాయి కదా నాన్నా. ఒక ఇంటికి రెండు చేతులు చాలవేటి?"

ఈ ఒక్క మాట మాత్రం నూకరాజుకి మొదటిసారికే వినపడింది. నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళి మిఠాయి పట్టుకొచ్చాడు.

పెళ్ళి వేసవిలో, క్యాంప్ వన్‌లోనే, చవితి పందిరి వేసే స్థలంలోనే చేశాం. తాళి కట్టేటప్పుడు ముళ్ళు పడడానికి కాస్త ఆలస్యమైంది. పంతులుగారు తొందరపడితే, "నరం బాధండి, నిమ్మళంగా కట్టనీండి," అని అమ్ము అంది, తల వంచుకునే.

ఆ తర్వాత బువ్వంబంతి. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పక్కపక్కన కూర్చుని, చుట్టూ అయినవాళ్ళందరూ ఉండగా, ఒకరికొకరు ముద్ద పెట్టుకోవాలి. ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద ఆకు వేశాం. నెయ్యి పోశాం. క్యాంపు ఆడపిల్లలు ఈ ఘడియ కోసమే కాచుకుని ఉన్నారు. పులుసు గరిటె పసుపు రాసి, మామిడాకు కట్టి, పళ్ళెంలో పెట్టుకొచ్చి పెళ్ళికొడుకు ముందు పెట్టారు.

"తినండి బావా. మీ గరిటే."

బంతి బంతంతా నవ్వింది. ఉదయ్ కూడా నవ్వాడు. గరిటె తీసుకుని కళ్ళకి అద్దుకుని పక్కన పెట్టాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడి చెయ్యి ఆకులో పెట్టాడు.

నవ్వులు ఆగిపోయాయి. అప్పయమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. కొడుకు ఆ చేత్తో అన్నం కలపడం చూసి తనకి ఎన్నాళ్ళయిందో మరి. అన్నం, పప్పు, నెయ్యి మెల్లగా కలిపాడు. బొటనవేలు ముందుకు రానని మొరాయిస్తోంది. దాన్ని బతిమాలుకుంటున్నట్టు ఆగి, మళ్ళీ కలిపాడు. ముద్దని చెప్పలేం గానీ, ముద్దలాంటిదే అయింది. ఎత్తి అమ్ము నోటి దాకా తెచ్చేసరికి సగం ఒళ్ళో రాలిపోయింది.

మిగిలిన సగం అమ్ము తినేసింది. నెమ్మదిగా నమిలి మింగింది.

"ఎలాగుంది?" అన్నాడు.

"ఉగ్గులాగుంది."

ఉదయ్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. అమ్ము ఆ మణికట్టు తన ఎడమ చేత్తో పట్టుకుని మళ్ళీ ఆకు వైపు నడిపించింది.

"ఉగ్గైనా పర్లేదండి," అంది. "ఆకలేస్తంది."